కలమునకు పరీక్ష వ్రాతయే

కుండను కొనువారు వ్రేలితో తట్టి చూతురు. కలమును కొనువారు మూత తీసి, తమ సంతకమును చేసి చూతురు. కొందరికి ఈ పరీక్షయే ఒక వినోదము. నాలుగైదు ఫౌంటెన్ పెన్నులను, పలు రంగుల సిరాలను ముందుంచుకొని, ఒకే కాగితముపై ఒకే వాక్యమును వ్రాసి పోల్చి ఆనందింతురు. ఇది పొద్దుపోని వారి పని యని మేమును ఒకప్పుడు తలచితిమి. అది పొరపాటు. ఈ పోలిక వెనుక మన చరిత్ర కొంత కలదు.

తాటాకుపై గంటముతో వ్రాసిన కాలమున, గీతలలో మసి పూసిన పిదపనే అక్షరము స్పష్టముగా కనబడెడిది. కాగితముతోపాటు సిరాబుడ్డి వచ్చెను. కలమును మాటిమాటికి ముంచవలసి వచ్చెను. ఆ శ్రమను ఫౌంటెన్ పెన్ను తప్పించెను. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు పొందిన కలమున, పాళీ క్రింద నాలుకవలె ఒక ముక్క అమరియుండును. దాని సన్నని గాళ్ల వెంట సిరా దిగును, గాలి లోనికి పోవును. ఈ రాకపోకలు సరితూగినంత కాలమే కలము కక్కక, ఎండక వ్రాయును.

ఆ విద్య రాజమహేంద్రవరమున వేరూనిన కథ వినదగినది. కోసూరి వేంకటరత్నము గారు 1921లో గాంధీజీని కలిసికొన్నపుడు, సామాన్యులకు నిత్యము పనికివచ్చు వస్తువును స్వదేశముననే చేయుడని మహాత్ములు సూచించిరి. 1932లో రత్నం పెన్ వర్క్స్ వెలసినది. రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచిన ఎబొనైటు కడ్డీలను తరిమెన పట్టి కలములను మలచిరి. మొదటి కలమున విదేశీ భాగమున్నదని గాంధీజీ ఒప్పుకొనలేదని ప్రతీతి. పిదప గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్ప గారి ద్వారా మరియొక కలము వారికి చేరినది. దానితో వ్రాసి చూచిన మీదటనే, 1935 జూలై 16న, బజారులోని విదేశీ కలములకు ఇది బదులు కాగలదని వారు లేఖ వ్రాసిరి. స్వదేశీ యన్న మాట ఒక్కటే వారికి చాలలేదు, అది వ్రాయవలెను.

కలమునకు తోడు సిరాయును స్వదేశీ కావలసి యుండెను. 1934లో వంగదేశపు రాజషాహిలో మైత్ర సోదరులు సులేఖా సిరాను ప్రారంభించిరి. 1980ల చివర మూతపడిన ఆ సంస్థ 2006లో మరల తెరువబడినది.

సిరాలన్నియు ఒక తీరువి కావు. మాచికాయ కషాయమును అన్నభేదితో కలిపిన సిరా, వ్రాసినపుడు లేతగా నుండి, గాలి సోకిన కొలది నలుపెక్కును. వ్రాయునపుడే కానవచ్చుటకై దానికి నీలిరంగు చేర్చుటచే నీలినల్ల సిరా యేర్పడినది. 1856లో పెర్కిన్ కృత్రిమమైన ఊదారంగును కనుగొనిన పిదప రంగురంగుల సిరాలకు త్రోవ యేర్పడెను. అవి కంటికింపైనవి, కాని వానిలో పెక్కు నీటికి కరగును, ఎండకు వెలయును.

ఈ భేదము మాకు ఆలస్యముగా తెలిసినది. మా తండ్రిగారు నీలినల్ల సిరాతో వ్రాసిన పద్దుల పుస్తకము నేటికిని చక్కగా చదువవచ్చును. మా తల్లిగారు ఊదాసిరాతో వ్రాసిన ఏకైక లేఖను ప్రేమతో పటము కట్టించి, కిటికీ ప్రక్కన వ్రేలాడదీసితిమి. కొన్ని యేండ్లకు అందు కాగితమే మిగిలినది. ముందుగా ఒక్క పరీక్ష చేసియుండిన ఆ అక్షరములు దక్కెడివి.

ఆ పరీక్ష సులభము. ప్రతి సిరాతోను ఒక పంక్తి వ్రాసి, సగము అట్టతో కప్పి, నెలదినములు ఎండలో ఉంచవలెను. వేరొక పంక్తిపై నీటిచుక్క వేయవలెను. నిలుచు సిరాకును దోషము లేకపోలేదు. కలములో ఎండనిచ్చినచో గాళ్లను మూయును, ఉక్కుపాళీని తినును. కనుక కలమును తరచు కడుగవలెను. సరదా వ్రాతకు చిలుకపచ్చయైనను, కుంకుమ రంగైనను మీ యిష్టము. బిడ్డలకు మిగులవలసిన మాటకు మాత్రము ఎండకును నీటికిని ఓర్చిన సిరానే ఎన్నుకొనుడు.