కరువుకూ వరదకూ ఒకే సెషన్: కర్నూలు, కడపల నుంచి ఒక ప్రతిపాదన

నగర ప్రణాళికల సదస్సు ఏదైనా సరే, నీటి ఎద్దడి మీద చర్చ ఒక గదిలో జరుగుతుంది, వరదల మీద చర్చ పక్క గదిలో. రెండూ ఒకే వేళకు పెడతారు కాబట్టి ఇక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడి మాట వినరు. ఈ పంపకం ఏ నగరానికి పనికొస్తుందో గానీ రాయలసీమ నగరాలకు మాత్రం కుదరదు. సుమారు 700 మిల్లీమీటర్ల సగటు వానతో నెట్టుకొచ్చే కర్నూలు, కడప రెండూ ఈ పాతికేళ్ళలో నీళ్ళలో మునిగి లేచినవే. ఈ రెండు గదులనూ కలిపే ఒక సెషన్‌ను ప్రతిపాదించడం, దాని రూపురేఖలు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

2009నే తీసుకోవచ్చు. ఆ ఏడాది నైరుతి దేశమంతటా ముఖం చాటేసింది. లోటు 20 శాతం దాటింది. కరువు మాట ఇంకా నలుగుతుండగానే సెప్టెంబరు చివర్లో వానలు కుమ్మేశాయి. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. ఎగువన సుంకేసుల బ్యారేజీ మీదుగా తుంగభద్ర పొర్లింది. దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి; 885 అడుగుల పూర్తి నీటిమట్టం ఉన్న జలాశయం 896 అడుగులు దాటింది. పైనా కిందా ఇలా ఉంటే, మధ్యలో తుంగభద్రలో కలవాల్సిన హంద్రీకి దిగే దారేది? అది ఊళ్ళోకి మళ్ళింది. పాతబస్తీలో జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం ట్యాంకర్ రావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు ముళ్ళకంపా మురుగూ తప్ప ఏమీ కనబడని హంద్రీ మీద అంతకుముందు ఎవరికీ భయం లేదు. భయం లేనిచోట ఇల్లు లేస్తుంది.

కడపలో ఆ పాత్ర బుగ్గవంకది. పాలకొండల్లో పుట్టి, నగరం నడిమధ్యగా సాగి పెన్నలో కలిసే చిన్న వంక అది. కడపకు అసలు గండం ఈశాన్య రుతుపవనాల కాలంలో. 2001 అక్టోబరులో రాత్రికి రాత్రి బుగ్గవంక పొంగి ప్రాణాలు తీసింది. తర్వాత రక్షణ గోడలు మొదలయ్యాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకు ఎగువ జలాశయం గేట్లెత్తితే కాలనీలు మళ్ళీ మునిగాయి. గోడలు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ గోడ కట్టగానే దాని అవతలి నేల ఇక భద్రమని జనానికి, అంతకంటే ముందు స్థలాల వ్యాపారికి, ఒక ధీమా వస్తుంది. ఆ ధీమా ఖరీదెంతో వరద అంచనాల నివేదికల్లో కనిపించదు.

ఈ చర్చకు మొదటి పత్రం కడప జిల్లాలోనే, రాతి మీద ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం అది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన అనంతరాజసాగరం గురించి చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. చెరువు దాతలను పొగిడే శాసనాలకు సీమలో కొదవ లేదు. దీని విశేషం వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ వరసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, దగ్గర్లో రాయి దొరికే గని, పని తెలిసిన మనుషులు అంగాల్లో ఉన్నాయి. కట్ట ఊటెత్తడం, చవిటి నేల, చెరువు మధ్యలో మిట్ట, ఇవన్నీ దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం ఇంకో దోషం. మిగిలిన రెండూ జంటగా వస్తాయి: నీళ్ళు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. అంటే కరువునూ వరదనూ ఆ శాసనకర్త ఒకే జాబితాలో పక్కపక్కన రాశాడు. మన సదస్సుల నిర్వాహకులు ఇంకా అక్కడికి రాలేదు.

సరిహద్దు దోషం సంగతి మరీ ఆసక్తికరం. 2014 తర్వాత కర్నూలు దగ్గర తుంగభద్ర రెండు రాష్ట్రాల మధ్య గీత. అటు ఒడ్డున అలంపురం తెలంగాణలో ఉంది. ఊరి లోపల ఇంకా సన్న గీతలున్నాయి. జలాశయం గేటు నీటిపారుదల శాఖది, మురుగుకాల్వ కార్పొరేషన్‌ది, లేఅవుటు అనుమతి పట్టణాభివృద్ధి సంస్థది, వంక పోరంబోకు రెవెన్యూది. వాన మాత్రం ఒకటే.

శాఖల మధ్య ఈ సన్న గీతలన్నీ దాటుకుంటూ పోయే నీటి దారి ఒకటుంది, కర్నూలు–కడప కాలువ. జనం నోట కేసీ కెనాల్. ఆర్థర్ కాటన్ ఆలోచన నుంచి పుట్టి, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో తవ్విన ఈ కాలువ సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 305 కిలోమీటర్లు. సాగుతో పాటు పడవలకూ అని లెక్క వేశారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. కర్నూల్లో ఇది హంద్రీని అక్విడక్టు మీదుగా దాటుతుంది. పైన సుంకేసుల నీళ్ళు, కింద మురుగు. వినాయక చవితికి ఊరంతా కదిలి విగ్రహాలను నిమజ్జనం చేసేది ఈ కాలువ మీది వినాయక ఘాట్‌లోనే. నగరం తన నీళ్ళ దగ్గరికి మనసారా వెళ్ళే పెద్ద సందర్భం ఇది. రూపకల్పన నిపుణులు చూడాల్సిన ఘాటిది. అలాంటిచోట వాళ్ళు సబర్మతి నదీతీరం బొమ్మ చూపిస్తారు. అహ్మదాబాద్‌లో ఒడ్డుల మధ్య నిండుగా కనబడేవి నర్మదా కాలువ నీళ్ళు. శ్రీశైలం నుంచి హంద్రీ–నీవా పథకం ఎత్తిపోసే నీళ్ళ కోసం చిత్తూరు దాకా చేలు ఎదురుచూసే సీమలో నదిని అందానికి నింపిపెట్టడం అయ్యే పని కాదు. ఎండిన నదికి తగిన ఒడ్డు ఎలా ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న: తొమ్మిది నెలలు సంతగానో ఆటస్థలంగానో ఉండి, వరద రోజు అడ్డు లేకుండా తప్పుకునే నేల.

కాబట్టి సెషన్ రెండు పూటలు. మొదటి పూట హాల్లో: శాసనం మీద ఒక పత్రం, 2009 మీద ఒకటి, బుగ్గవంక గోడల మీద ఒకటి. అంతకు మించి వద్దు. నాలుగో పత్రం చేరితే చర్చకు టైముండదు. విజయవాడలోని ప్రణాళిక, వాస్తు పాఠశాల, 2020లో కడపలో వచ్చిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో పాత రెవెన్యూ పటం మీద నేటి లేఅవుట్లను పరిపించాలి. ఏ వంక ఏ సర్వే నంబరులో మాయమైందో పత్రాల కంటే ఆ పటమే సూటిగా చెబుతుంది. వేదిక మీద కాలువ నీళ్ళు వదిలే ఒక లస్కరు, ఒక ట్యాంకర్ డ్రైవరు కూడా కూర్చోవాలి. నీళ్ళు ఎప్పుడు ఏ వీధికి చేరతాయో, ఎక్కడ చేరవో వాళ్ళకు కంఠస్థం.

రెండో పూట కడపలో బుగ్గవంక వెంట నడక. అది నవంబరులోనే పెట్టాలి. సదస్సులకు అనువుగా ఉంటుందని ఫిబ్రవరికి జరిపితే, వచ్చినవాళ్ళకు కనబడేది ఎండిన వంక, రెండు గోడలు. వరద మాట ఇంకెవరూ ఎత్తరు.