మోదుగపువ్వు బొమ్మ వేసిందెవరు?

"చేసే పనిలో తృప్తిగా ఉందా?" అని ఉద్యోగిని అడగడం మన తాతల కాలంలో లేని మర్యాద. డచ్చి పండితుడు హాఫ్‌స్టెడ్, ఐ.బి.ఎం. కంపెనీకి దేశదేశాల్లో ఉన్న ఉద్యోగులు 1967-73 మధ్య రాసిచ్చిన లక్షకు పైగా జవాబుల్ని పోల్చి చూసి, 1980లో ఒక పుస్తకం వేశాడు. కొన్ని దేశాలవాళ్ళు 'నేను' అంటే, కొన్ని దేశాలవాళ్ళు 'మనం' అంటారని అందులో ఒక ముఖ్యమైన మాట. దాన్ని పట్టుకుని, "తెల్లవాళ్ళకి పేరు కావాలి, మనవాళ్ళకి పని ఉంటే చాలు" అని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు.

నిజమేనంటారా? ఇద్దరూ కలిసి పనిచేసిన చోటొకటి మన సామర్లకోటలోనే ఉంది, చూద్దాం.

స్కాట్లండు డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడికి వచ్చాడు. జీతం వైద్యానికైనా, ప్రాణమంతా మొక్కల మీదే. మిరియాల తీగలు పాకించాడు, నీలిమందు వేయించాడు. దేశీయ చిత్రకారుల్ని పెట్టుకుని, కనిపించిన మొక్కకల్లా బొమ్మ గీయించాడు. 1790 నాటికే అవి సుమారు 700 అయ్యాయి. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మూడు సంపుటాలుగా వచ్చింది. మన మోదుగపువ్వు కూడా ఉంది అందులో!

రాక్స్‌బర్గ్ పేరు ఎన్నో మొక్కల శాస్త్రనామాల్లో నిలిచిపోయింది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. రేకలూ కేసరాలూ విడదీసి గీయడం మనసు పెట్టకుండా అయ్యే పనేనా?

పేరు కోరకపోవడం మన సంస్కృతి అందామంటే, అంతకు చాలాముందే మొగలాయి దర్బారులో జహంగీరు (1605-27), పువ్వుల్నీ పక్షుల్నీ చిత్రించిన మన్సూరుకు 'నాదిర్ ఉల్ అస్ర్' అని బిరుదిచ్చాడు. 'ఈ కాలపు అద్భుతం' అని అర్థం. తన చరిత్రలో పేరెత్తి మరీ మెచ్చుకున్నాడు. ఆ పేరు ఇవాళ్టికీ ఉంది. తేడా తూర్పు పడమరల్లో లేదు, చేయించుకున్నవాడి మనసులో ఉంది.

పనిలో లీనం కావడం వేరు, తృప్తి పడడం వేరు. మొదటిది చేసిన పనిలో కనిపిస్తుంది. రెండోది మనిషిని అడిగితేగాని తెలియదు. సామర్లకోట చిత్రకారుల్ని ఎవరైనా అడిగారా?

అంతదూరం ఎందుకు? "మా ఆవిడకి వంటిల్లే స్వర్గం" అనే పెద్దమనుషులు మన ఇళ్ళల్లో లేరూ? ఈసారి ఆ మాట వినబడితే, "నన్నెప్పుడు అడిగారండీ?" అని నవ్వుతూనే అడిగి చూడండి.