చామంతి పిలకల చరిత్ర

శీతకాలమున ఢిల్లీ నగరమందలి ప్రభుత్వ నివాస గృహముల ముంగిళ్ళలో మిక్కిలి విరివిగా కానవచ్చు పుష్పము చామంతి. దీనిని ఉత్తరాదివారు గుల్‌దావూదీ యందురు. మహారాష్ట్రులు శేవంతి యనియు, కన్నడిగులు సేవంతిగె యనియు, తమిళులు సామంతి యనియు వ్యవహరింతురు. మనకు ఇది చామంతి, లేదా చేమంతి. ధనుర్మాసమున గొబ్బెమ్మల నెత్తిన పెట్టు పూవు ఇదియే. తెలంగాణమున బతుకమ్మను పేర్చునపుడు తంగేడు, గునుగు, బంతి పూల నడుమ చోటు సంపాదించుకొన్న పూవును ఇదియే. ఇన్ని భాషలలో, ఇన్ని ముంగిళ్ళలో ఇంత యింటిదైన పుష్పము మన దేశమునకు వలస వచ్చినది యనిన చాలమందికి నమ్మశక్యము కాదు. చామంతి పుట్టినిల్లు చైనా.

పేరును బట్టి ఊరును నిర్ణయింపబూనుట చరిత్రకారునకు పెద్ద ప్రమాదము. చామంతి విషయమున నీ ప్రమాదము రెండు విధముల నున్నది. మన సేవంతికి చుట్టమువలె వినిపించు ‘సేవతీ’ యను మాట హిందీలో తెల్ల గులాబిని తెలుపును. కావున ప్రాచీన గ్రంథమున నీ మాట కనబడినంతనే అది చామంతియే యని తీర్మానించుటకు వీలులేదు. ఇక స్వీడను దేశపు శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమున ఈ జాతికి ‘క్రిసాంథిమమ్ ఇండికమ్’ అని నామకరణము చేసెను. క్రిసాంథిమమ్ అనగా గ్రీకు భాషలో బంగరు పూవు. ‘ఇండికమ్’ అను విశేషణమును చూచి మనము సంతోషింప నక్కరలేదు. ఆ కాలపు ఐరోపీయులకు తూర్పు దిక్కున నున్న దేశములన్నియు నొకే ఇండియాగా తోచెడివి.

చైనా వారికి ఈ పుష్పముపై గల మక్కువ కడు ప్రాచీనము. క్రీస్తు శకము నాల్గవ శతాబ్దము చివరను, అయిదవ శతాబ్దము మొదటను జీవించిన కవి తావ్ యువాన్‌మింగ్ ఉద్యోగమును త్యజించి పల్లె చేరి చామంతులను పెంచుకొనెను. (సచివాలయమున పనిచేయువారు అప్పుడప్పుడు తలచుకొని నిట్టూర్చదగిన చరిత్ర!) తొమ్మిదవ నెల తొమ్మిదవ దినమున చామంతి మద్యమును సేవించుట వారికి పండుగ ఆచారము. 1104లో లియు మెంగ్ అను నాతడు చామంతులపై ప్రత్యేకముగా నొక గ్రంథమునే వ్రాసి, ముప్పదికి పైగా రకములను వర్ణించెను. మన వేంగీ చాళుక్యుల సింహాసనము చోళులతో కలిసిపోయి కులోత్తుంగుడు ఏలుచున్న కాలమది. అప్పటికే చైనాలో ఒక పూవుకు ఇన్ని రకములు ఏర్పడి, వాని పట్టిక వ్రాయు అవసరము కలిగినదన్నమాట.

జపానునకు ఈ మొక్క చైనా నుండియే చేరినది. పండ్రెండవ శతాబ్దాంతమున గో-తోబ చక్రవర్తి దీనిని తన చిహ్నముగా గైకొనెను. 1869లో పదునారు రేకుల చామంతి రాజవంశపు అధికార చిహ్నమైనది. ఒకే మొక్కను ఏడాది పొడవునను వంచి, కట్టి, ఒకే కాండము నుండి వందల కొలది పూలను గోపురాకృతిలో నొక్కమారే పూయించు విద్య వారిది. టోక్యోలోని షింజుకు ఉద్యానమున ప్రతి నవంబరులో దానిని ప్రదర్శింతురు.

ఇచ్చట నొక శాస్త్ర విషయము చెప్పక తప్పదు. మనము చామంతి పూవు అనునది నిజమునకు ఒక పూవు కాదు; అనేక పూవుల గుత్తి. అంచున రేకువలె కనబడునది ఒక్కొక్కటియు ఒక్కొక్క పూవు. నడిమి పసుపు బొడ్డులోని ప్రతి గొట్టమును మఱియొక పూవు. పొద్దుతిరుగుడు, బంతి, గునుగువలె కనబడు కొన్ని గడ్డిపూలు సైతము ఈ కుటుంబములోనివే యని కొందరు తలచెదరు గాని, గునుగు వేరు కుటుంబమునకు చెందినది. తోటకూరకు దగ్గరి బంధువు. చామంతి రకములు తరతరములుగా ఒండొంటితో సంకరమైనవి. ఇందుచేత విత్తనము నాటినచో తల్లిని పోలిన బిడ్డ పుట్టునను భరోసా లేదు. ఎర్ర చామంతి విత్తనము నుండి పసుపు పూవు రావచ్చును, ముద్ద పూవు విత్తనము నుండి రేక పూవు రావచ్చును. ఒక రకమును ఉన్నదున్నట్లు నిలుపుకొనవలెనన్నచో పిలకయో, కొమ్మ ముక్కయో తీసి నాటవలసినదే. అనగా నేడు మన కుండీలో నున్న మొక్క, మొదట నెవరి తోటలోనో పుట్టిన ఆ తల్లి మొక్క శరీరములోని భాగమే. నడుమ ఎవ్వరును పిలక తీయకపోయినచో ఆ రకము లోకమున నశింపవచ్చును.

ఇది ఊహ కాదు; ఐరోపా చరిత్రలో జరిగినది. 1688 ప్రాంతమున హాలండు దేశమున ఆరు రకముల చామంతులు పెరుగుచున్నట్లు యాకబ్ బ్రైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వర్ణించెను. అవి నిలువలేదు. ఒక శతాబ్ద మట్లే గడచినది. 1789లో పియర్ బ్లాంకార్ అను మార్సెయి నగర వర్తకుడు చైనా నుండి మూడు మొక్కలను తెప్పించెను. ఒకటి తెలుపు, ఒకటి ఊదా, ఒకటి ముదురు ధూమ్రవర్ణము. మొదటి రెండును చచ్చినవి. మూడవది బ్రతికినది. ఫ్రాన్సున విప్లవ మారంభమైన ఆ సంవత్సరముననే యొక ఓడరేవులో బ్రతికి బట్టకట్టిన ఆ యొక్క మొక్క పిలకలే కొన్ని యేండ్లలో ఇంగ్లండు చేరి, ‘ఓల్డ్ పర్పుల్’ అను పేర ప్రసిద్ధికెక్కినవి. హాలండు వారికి ఆరు రకములుండియు మిగులలేదు. మార్సెయి వర్తకునకు ఒక్కటి మిగిలి పరంపర యైనది. భేదమెల్ల పిలక చేతులు మారుటలోనే యున్నదని నా యభిప్రాయము.

అటుపిమ్మట లండను ఉద్యాన సంఘమువారు రాబర్ట్ ఫార్చ్యూన్ అను నాతనిని 1843లో చైనాకు పంపిరి. మన దేశమునకు చైనా తేయాకు మొక్కలను రహస్యముగా చేరవేసినవాడు నాతడే. అతడు 1846లో తెచ్చిన ‘చూసాన్’ చిట్టి చామంతిని ఇంగ్లండువారు అంతగా లెక్కచేయలేదు. ఫ్రెంచివారు దానిని ఆదరించి, తమ నావికుల టోపీలపై నుండు కుచ్చును పోలియున్నదని ‘పాంపాన్’ అని పిలిచిరి. 1861లో ఫార్చ్యూను జపాను నుండి పంపిన పెద్ద పూల రకములతో ప్రదర్శనల రూపమే మారిపోయినది.

పేరు విషయమున మఱియొక ముచ్చట. 1961లో రష్యా శాస్త్రజ్ఞుడు స్వేలెవ్ తోట చామంతిని ‘క్రిసాంథిమమ్’ అను ప్రజాతి నుండి తొలగించి ‘డెండ్రాంథిమ’ అను ప్రజాతిలో చేర్చెను. మధ్యధరా ప్రాంతపు వేరొక మొక్కకు ఆ పాత పేరు దక్కినది. తోటమాలు లొప్పుకొనలేదు, పూల వర్తకులు లొంగలేదు. తుదకు 1999లో సెయింట్ లూయీ నగరమున జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ పాత పేరును మరల చామంతికే యిచ్చినది. ముప్పదియెనిమిది సంవత్సరముల పిమ్మట పూర్వపు ఉత్తరువు పునరుద్ధరింపబడినదన్నమాట. దస్త్రముల నడక తెలిసిన మనకు ఈ జాప్యము వింతగా తోచదు.

చామంతి శీతకాలముననే యేల పూచును? చలివలన నని సామాన్యముగా తలచెదరు. ప్రధాన కారణము చలి కాదు, పగటి పొడవు. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను నిరువురు మొక్కలు పగటి కాలపు నిడివిని బట్టి పూయునని స్థాపించిరి. చామంతి, పగలు కురుచయై రాత్రి దీర్ఘమైనపుడు మొగ్గ తొడుగు జాతి. 1930ల నడుమ సోవియట్ శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ చామంతితోనే యొక చక్కని ప్రయోగము చేసెను. మొక్క పై భాగమున ఆకులు దూసివేసి, క్రింది ఆకులకు మాత్రము దీర్ఘరాత్రిని కల్పింపగా పైని మొగ్గలు తొడిగినవి. ఆకులకు దీర్ఘమైన పగలుండి, కొనకు మాత్రమే రాత్రి దీర్ఘమైనచో పూయలేదు. అనగా కాలమును లెక్కించునది ఆకు. ఆ వార్త కొనకు ప్రయాణించుచున్నది. ఆ వార్తాహరునకు ఆయన ‘ఫ్లోరిజెన్’ అని పేరిడెను. అది యొక ప్రోటీను అని 2007లో గాని తేలలేదు.

దీనివలన మనకు ప్రత్యక్ష ప్రయోజనమున్నది. జూను మాసమున ఢిల్లీ పగలు దాదాపు 14 గంటలు. విజయవాడలో 13 గంటలపై కొలది నిమిషములు మాత్రమే. కావున ఊరినుండి తెచ్చిన మొక్క ఇచ్చట ఊరి వేళకే పూయవలెనని పట్టుపట్టరాదు. వీధి దీపము క్రింద గాని, రాత్రియంతయు వెలుగు వసారా దీపము క్రింద గాని యుంచిన కుండీ, ఎంత ఎరువు వేసినను, ఏపుగా పెరుగుచు మొగ్గ తొడుగక నిలిచిపోవును. తోటమాలిని నిందించుటకు ముందు దీపమును చూడవలెను.

స్వతంత్ర భారతమున చామంతికి పెద్ద దిక్కు లక్నో నగరము. 1857 పోరాటమున రక్తసిక్తమైన సికందర్ బాగ్ ఆవరణమందలి ఉద్యానము 1953లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాలనలోనికి వచ్చినది. 1978లో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ అను పేరు దాల్చినది. తలలు త్రుంచుటయు, ఊతకఱ్ఱ కట్టుటయు నక్కరలేకయే గుబురుగా పూచు చిట్టి రకములను అచ్చటివారు రూపొందించిరి. గామా కిరణములను ప్రసరింపజేసి క్రొత్త వర్ణములను రాబట్టిరి. ఏటేట డిసెంబరులో జరుగు వారి ప్రదర్శనము చూడదగినది.

ఇక పెంపకము. పూలు వాడిన పిదప కాండమును జానెడు విడిచి కోసివేయవలెను. జనవరి, ఫిబ్రవరి మాసములలో మొదట పిలకలు లేచును. వానిని వేళ్ళతో విడదీసి చిన్న కుండీలలో నాటి, ఎండకాలమంతయు నీడపట్టున కాపాడవలెను. కష్టమంతయు నిచ్చటనే యున్నది. ఢిల్లీ మే నెల వడగాడ్పునకు తట్టుకొనినది ఆషాఢపు వాన నీటిలో కుళ్ళుట సామాన్యము. కుండీ అడుగున పెంకులు పరచి నీరు నిలువకుండ చూడవలెను. జూన్, జూలై నెలలలో కొనల నుండి రెండు మూడంగుళముల ముక్కలు తీసి ఇసుకలో గ్రుచ్చినచో నెల తిరుగకుండ వేళ్ళు పట్టును. పిమ్మట క్రమముగా పెద్ద కుండీలకు మార్చి, పలుచని ఆవచెక్క నీరు పదిదినముల కొకసారి పోసి, మొగ్గ రంగు తేలగానే మానివేయవలెను. పెద్ద పూవు కావలసిన నొక్క మొగ్గనే యుంచి తక్కినవి గిల్లవలెను. ఎక్కువ పూలు కావలసిన ఆగస్టులోగా తలలు త్రుంచవలెను. పేనుబంక పట్టినచో మొదట నీటి ధారతో కడిగిన చాలవరకు పోవును.

మన ఉద్యోగులలో బదిలీ ఉత్తరువు సాధారణముగా వేసవిలో వచ్చును. సామాను కట్టువేళ పూలులేని చామంతి కుండీ కలుపు మొక్కవలె కనబడును. ఇల్లు ఖాళీచేసిన మరునాడే అది చెత్తకుప్ప చేరును. ఒక్కొక్కప్పుడు ఆ వీధిలో ఆ రకమునకు అదియే కడపటి మొక్క. బదిలీ నిశ్చయమైనవారు జనవరి పిలకలనే ఇరువురు ముగ్గురు పొరుగువారికి, రకము పేరు కాగితముపై వ్రాసి యిచ్చి పోవుట మేలు. మే నెలలో ఇచ్చిన పిలక పది యిండ్లకు పంచినను నాలుగింట బ్రతుకుట కష్టము.