రక్తం ఎక్కించకుండానే ఆపరేషన్.. పేషెంట్లకు ఎలా ఉంటుంది? ఎంతవరకు సేఫ్?

ఆపరేషన్ అనగానే మన ఇళ్లల్లో డబ్బు తర్వాత వినిపించే మాట ఒకటే.. ‘రక్తం ఎవరిస్తారు?’. వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి. తమ్ముడో, బావమరిదో, ఊళ్లో కుర్రాళ్లో బ్లడ్ బ్యాంక్ దగ్గరకు పరుగెడతారు. కానీ బయటి రక్తం ఒక్క చుక్క కూడా ఎక్కించుకోకుండా ఏకంగా గుండె ఆపరేషనే చేయించుకుని ఇంటికెళ్లిన వాళ్లు ఉన్నారు. అదెలా సాధ్యం? ఆ పేషెంట్లు ఏం అనుభవిస్తారు? ఎక్కడ ప్రాణం మీదకు వస్తుంది? వివరంగా చూద్దాం.

అసలు ఏంటీ బ్లడ్‌లెస్ సర్జరీ?

పేరు చూసి రక్తం కారని ఆపరేషన్ అనుకోవద్దు. కోత పడితే రక్తం వస్తుంది. ఇక్కడ విషయం ఏంటంటే.. పేషెంట్‌కు వేరేవాళ్ల రక్తం ఎక్కించరు. ముందు నుంచే రక్తం పెంచుతారు, ఆపరేషన్‌లో పోయేది తగ్గిస్తారు, పోయిన దాంట్లో వీలైనంత తిరిగి పేషెంట్‌కే ఇస్తారు. మొత్తం సూత్రం ఈ మూడు మాటల్లోనే ఉంది.

ఇదే పద్ధతిని అందరు పేషెంట్లకూ వర్తింపజేస్తే దాన్ని ‘పేషెంట్ బ్లడ్ మేనేజ్‌మెంట్’ అంటున్నారు. ఇందులో అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. కానీ అనవసరంగా ఎక్కించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే దీనిపై తీర్మానం చేసింది. 2021లో దీన్ని త్వరగా అమలు చేయాలంటూ ప్రత్యేక పత్రం కూడా విడుదల చేసింది.

ఎక్కడ మొదలైంది?

ఈ కథ అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి వెళ్తుంది. డెంటన్ కూలీ పేరున్న హార్ట్ సర్జన్. ఆయన దగ్గరకు ‘యెహోవా సాక్షులు’ అనే క్రైస్తవ వర్గానికి చెందిన పేషెంట్లు వచ్చేవాళ్లు. రక్తం ఎక్కించుకోవడం బైబిల్ ఆజ్ఞకు విరుద్ధమన్నది వాళ్ల విశ్వాసం. 1945 నుంచి ఆ వర్గం రక్తమార్పిడిని తిరస్కరిస్తోంది. చాలామంది డాక్టర్లు వీళ్లకు ఆపరేషన్ చేయలేమని తిప్పి పంపించేవాళ్లు. కూలీ మాత్రం ఒప్పుకున్నారు.

1977లో ఆయన బృందం ఓ మెడికల్ జర్నల్‌లో 20 ఏళ్ల అనుభవాన్ని ప్రచురించింది. మొత్తం 542 మందికి రక్తం ఎక్కించకుండా గుండె, రక్తనాళాల ఆపరేషన్లు. అందులో ఒక్కరోజు పసికందు నుంచి 89 ఏళ్ల వృద్ధుల దాకా ఉన్నారు. 362 మందికి హార్ట్ లంగ్ మెషీన్ కూడా వాడారు. నెలలోపు 51 మంది చనిపోయారు. అయితే నేరుగా రక్తం పోవడం వల్ల చనిపోయింది ముగ్గురే. మరో 12 మరణాల్లో రక్తహీనత కూడా ఒక కారణమని తేల్చారు. రక్తం లేకుండా గుండె ఆపరేషన్ అసాధ్యం అన్న నమ్మకం అక్కడ బద్దలైంది. రిస్క్ ఉందన్న నిజం కూడా అదే లెక్కలో కనిపించింది.

ఆ తర్వాత 1980ల్లో హెచ్‌ఐవీ భయం వచ్చింది. రక్తం ద్వారా వైరస్ సోకిన కేసులు బయటపడటంతో మతంతో సంబంధం లేని పేషెంట్లు కూడా ‘రక్తం తప్పనిసరా డాక్టర్?’ అని అడగడం మొదలుపెట్టారు.

ఎవరికి ఇది అవసరం?

విశ్వాసం వల్ల వద్దనేవాళ్లు ఒక రకం. రక్తం కావాలన్నా దొరకని వాళ్లు ఇంకో రకం. ఉదాహరణకు బాంబే బ్లడ్ గ్రూప్. దీన్ని 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం ముంబైలో గుర్తించింది. మామూలు టెస్టులో ఓ గ్రూపులా కనిపిస్తుంది. కానీ ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. వీళ్లకు బాంబే గ్రూప్ రక్తమే కావాలి. అది దొరకడం చాలా కష్టం. పలుమార్లు రక్తం ఎక్కించుకోవడంతో శరీరంలో యాంటీబాడీలు పెరిగి, ఏ రక్తమూ సరిపడని పేషెంట్లు కూడా ఉంటారు. వీళ్లందరికీ ఒక్కో చుక్కా కాపాడుకోవడమే దారి.

ఆపరేషన్‌కు ముందు: వారాల తరబడి సన్నాహం

సాధారణ పేషెంట్ ముందురోజు అడ్మిట్ అయితే సరిపోతుంది. ఈ పేషెంట్లకు పని మూడు నాలుగు వారాల ముందే మొదలవుతుంది. మొదట హిమోగ్లోబిన్ చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లకు 13, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత. తక్కువుంటే ఐరన్ సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఇస్తారు. బీ12, ఫోలిక్ యాసిడ్ జత చేస్తారు. అవసరాన్ని బట్టి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇది మన కిడ్నీల్లో తయారయ్యే హార్మోన్ లాంటిదే. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు ఆర్డర్ వేస్తుంది. అయితే రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది కాబట్టి డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి.

ఇదంతా పేషెంట్‌కు ఓపిక పరీక్షే. నొప్పి ఉంటుంది, ఆపరేషన్ త్వరగా అయిపోతే బాగుండు అనిపిస్తుంది. కానీ హిమోగ్లోబిన్ ఇంజెక్షన్ వేసిన మర్నాడే పెరగదు. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లకు ఇంకో టెన్షన్. ఎప్పుడు ఆపాలి, అసలు ఆపొచ్చా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

టేబుల్ మీద ఏం జరుగుతుంది?

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. దాన్ని కాపాడటానికి డాక్టర్లు వాడే దారులు ఇవీ..

చిన్న కోత: వీలైతే ల్యాప్రోస్కోపీ. కరెంటుతో కోస్తూనే రక్తనాళాలను మూసేసే పరికరాలు.

ట్రానెక్సమిక్ యాసిడ్: కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకమోటో దంపతుల పరిశోధనల నుంచి 1960ల్లో వచ్చింది. 2010లో వెలువడిన క్రాష్ 2 అనే పరీక్షలో 20 వేల మందికి పైగా గాయాల పేషెంట్లపై దీన్ని చూశారు. ఇండియా కూడా అందులో పాల్గొంది. మరణాలు తగ్గాయని తేలింది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలోనూ మొదటి 3 గంటల్లో ఇస్తే మేలని తర్వాతి పరీక్ష చెప్పింది.

సెల్ సేవర్: ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని పీల్చి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలను తిరిగి అదే పేషెంట్‌కు ఎక్కించే మెషీన్. ఇన్ఫెక్షన్ ఉన్నచోట, క్యాన్సర్ కేసుల్లో దీని విషయంలో జాగ్రత్త పడతారు.

హీమోడైల్యూషన్: ఆపరేషన్ మొదట్లో పేషెంట్ రక్తమే కొంత తీసి బ్యాగులో ఉంచి, బదులు సెలైన్ ఎక్కిస్తారు. ఇప్పుడు కారేది పలచటి రక్తం. చివర్లో చిక్కటి రక్తం మళ్లీ లోపలికి.

ఇక్కడే పేషెంట్ మనసులో ఓ ప్రశ్న. ‘బయటకు వచ్చిన నా రక్తం మళ్లీ నేను తీసుకోవచ్చా?’. యెహోవా సాక్షుల్లో దీనిపై ఎవరి మనస్సాక్షి వాళ్లది. ట్యూబు తమ ఒంటికి కనెక్ట్ అయి ఉంటే చాలు అని కొందరు ఒప్పుకుంటారు, కొందరు అదీ వద్దంటారు. ఆల్బుమిన్ లాంటి రక్తంలోని చిన్న భాగాలకూ ఇదే వర్తిస్తుంది. అందుకే ఏది ఓకే, ఏది కాదు అని లిస్టు రాసి సంతకం పెట్టించుకుంటారు.

ఆపరేషన్ తర్వాత: అసలు కష్టం ఇక్కడే

ఆపరేషన్ సక్సెస్ అన్న మాటతో పేషెంట్ కథ అయిపోదు. హిమోగ్లోబిన్ 7, 8కి పడిపోయినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. లేచి కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. బాత్రూం దాకా నడిస్తే ఆయాసం. గుండె దడదడమంటుంది. మొహం పాలిపోతుంది. రక్తం ఎక్కిస్తే హిమోగ్లోబిన్ గంటల్లో పెరుగుతుంది. ఈ పేషెంట్లకు అది వారాల్లో, ఒక్కో మెట్టూ ఎక్కినట్టు పెరగాలి. ఇంట్లోవాళ్లకు ఇది చూస్తూ ఉండటం ఇంకా కష్టం.

ఐసీయూలో మరో విషయం. రోజూ టెస్టుల కోసం తీసే రక్తమే 40 నుంచి 70 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. పది రోజులు ఉంటే ఎంత పోతుందో లెక్కేసుకోండి! అందుకే చిన్నపిల్లలకు వాడే బుల్లి ట్యూబుల్లోనే శాంపిల్ తీస్తారు. అవసరమైన టెస్టులే చేస్తారు. ఆక్సిజన్ పెట్టి, ఒళ్లు వెచ్చగా ఉంచి, ఐరన్, ఎరిత్రోపోయిటిన్ కొనసాగిస్తారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ 2012లో ఓ స్టడీ ప్రచురించింది. రక్తం వద్దన్న 322 మంది గుండె ఆపరేషన్ పేషెంట్లను, రక్తం ఎక్కించుకున్న అలాంటి 322 మందితో పోల్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి గ్రూపులో 95 శాతం, రెండో గ్రూపులో 89 శాతం. 20 ఏళ్ల లెక్కలో పెద్దగా తేడా లేదు.

ఆస్ట్రేలియాలోని వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రం 2008లో పేషెంట్ బ్లడ్ మేనేజ్‌మెంట్ మొదలుపెట్టింది. 6 లక్షలకు పైగా పేషెంట్ల రికార్డులు చూస్తే రక్తం వాడకం 41 శాతం తగ్గింది. ఆస్పత్రుల్లో మరణాల ముప్పు కూడా 28 శాతం తగ్గింది.

అయితే ఇక్కడే ఆగి ఇంకో లెక్క కూడా చూడాలి. 2002లో వచ్చిన అమెరికా స్టడీ.. మత కారణాలతో రక్తం వద్దని, ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 8 లేదా అంతకంటే తక్కువకు పడిపోయిన 300 మందిది. 7 నుంచి 8 మధ్య ఉన్నవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. 4 నుంచి 5 మధ్యకు పడిపోయిన వాళ్లలో మాత్రం 34 శాతం మంది చనిపోయారు. అంటే శరీరం చాలా తట్టుకుంటుంది, కానీ ఓ గీత ఉంది. ఆ గీత కింద ప్రతి గ్రాముకూ ముప్పు అమాంతం పెరుగుతుంది.

పైగా క్లీవ్‌ల్యాండ్ పేషెంట్లు ముందే ప్లాన్ చేసి, జాగ్రత్తలతో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. రోడ్డు ప్రమాదంలో రక్తం మడుగులో వచ్చినవాళ్లకు, కాన్పులో రక్తం ఆగని తల్లికి ఆ టైమ్ ఉండదు. అక్కడ రక్తమే ప్రాణం. రక్తం లేక ఎవరూ చనిపోరు అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

వద్దన్నా ఎక్కిస్తే? కోర్టులు ఏమన్నాయంటే..

1979లో కెనడాలోని అంటారియోలో ఓ మహిళ కారు ప్రమాదంలో స్పృహ కోల్పోయింది. ఆమె పర్సులో ‘నాకు రక్తం ఎక్కించొద్దు’ అన్న కార్డు దొరికింది. అయినా ప్రాణం కాపాడాలని డాక్టర్ ఎక్కించారు. ఆమె బతికింది. బతికాక కేసు వేసింది! కోర్టు 20 వేల డాలర్ల పరిహారం ఇప్పించింది. 1990లో అప్పీల్ కోర్టు కూడా అదే తీర్పును నిలబెట్టింది.

రెండో కేసు స్పెయిన్‌లో. 2018లో తీవ్ర రక్తస్రావంతో ఉన్న ఓ మహిళను, రక్తం లేకుండా చికిత్స దొరుకుతుందని మాడ్రిడ్‌కు అంబులెన్స్‌లో పంపించారు. ఆమె దారిలో ఉండగానే డాక్టర్లు డ్యూటీ జడ్జి అనుమతి తీసుకున్నారు. ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించారు. ఆమెకు ఆ సంగతి తర్వాత తెలిసింది. 2024 సెప్టెంబర్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆమె హక్కుకు భంగం కలిగిందని తీర్పు చెప్పింది.

డాక్టర్ వైపు నుంచి కూడా చూడండి. కళ్లముందు ప్రాణం పోతుంటే, చేతిలో రక్తం బ్యాగు ఉండి ఆగడం మామూలు విషయం కాదు. అందుకే చిన్నపిల్లల విషయంలో రూల్ వేరు. బ్రిటన్, అమెరికా కోర్టులు తల్లిదండ్రులు వద్దన్నా పిల్లలకు రక్తం ఎక్కించేందుకు అనుమతులిచ్చాయి.

మన దేశంలో 2008లో సుప్రీంకోర్టు ఓ కేసులో.. ఎమర్జెన్సీలో తప్ప, స్పృహలో ఉన్న మేజర్ పేషెంట్ అనుమతి లేకుండా ఆపరేషన్ చేయకూడదని, కన్నతల్లి సంతకం కూడా ఆ లోటు తీర్చదని స్పష్టం చేసింది. అది రక్తం కేసు కాదు. కానీ ఒంటి మీద నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు అదే ఆధారం.

మనకెందుకు ఇదంతా?

ఎందుకంటే మన దగ్గర చాలామంది ఆడవాళ్లు రక్తం తక్కువతోనే ఆపరేషన్ టేబుల్ ఎక్కుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భసంచి ఆపరేషన్‌కు తేదీ వేసుకుంటాం, డబ్బు సర్దుకుంటాం, హిమోగ్లోబిన్ మాత్రం ముందురోజు చూస్తాం. 8 ఉందనగానే ‘రెండు బాటిళ్లు ఏర్పాటు చేసుకోండి’ అంటారు. అదే నెల ముందు చూసి ఐరన్ ఇచ్చి ఉంటే? చాలా కేసుల్లో ఆ పరుగే ఉండదు. ఆ రెండు యూనిట్లు యాక్సిడెంట్‌లో వచ్చిన మరొకరికి, తలసేమియా పిల్లలకు పనికొస్తాయి.

డాక్టర్‌ను ఈ 5 ప్రశ్నలు అడగండి

1. నా హిమోగ్లోబిన్ ఎంత? తక్కువుంటే ఆపరేషన్‌ను వాయిదా వేసి పెంచుకునే టైమ్ ఉందా?

2. ఈ ఆపరేషన్‌లో మామూలుగా ఎంత రక్తం పోతుంది?

3. ట్రానెక్సమిక్ యాసిడ్ నాకు ఇవ్వొచ్చా? మీ ఆస్పత్రిలో సెల్ సేవర్ ఉందా?

4. నేను వాడుతున్న మందుల్లో రక్తం పలచన చేసేవి ఉన్నాయా? ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

5. రక్తం ఎక్కించాల్సి వస్తే ఏ పరిస్థితిలో ఎక్కిస్తారు? నేను వద్దంటే ఏం జరుగుతుంది?

ఐదో ప్రశ్నకు వచ్చే జవాబు ఇంట్లోవాళ్ల ముందే వినండి. ఆ మాట ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర కాదు, వారాల ముందే తేలిపోవాలి. వద్దు అనుకున్నా, సరే అనుకున్నా రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంకో మాట.. ఈ పద్ధతి వచ్చిందని రక్తదానం మానేయొద్దు. ఒక్క చుక్క వృథా కానివ్వకపోవడం, అవసరమైన వాళ్లకు ఇవ్వడం.. రెండూ ప్రాణం కాపాడే పనులే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, ఇంజెక్షన్లు, ఆపరేషన్ విషయంలో నిర్ణయం మీ డాక్టర్‌తో మాట్లాడాకే తీసుకోండి.