బంగారు పాపకు పతకం, మిస్సమ్మకు చప్పట్లు



సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి పాత సినిమాల మాట ఎత్తారంటే "మిస్సమ్మ" పేరు రాకుండా ఉండదు. ఆ సినిమా 1955 జనవరి 12న, సంక్రాంతి ముంగిట విడుదలైంది. డెబ్బయ్యేళ్లు దాటిపోయింది. ఐనా టీవీలో వస్తున్నదంటే పొయ్యి మీది పాలకేసి ఒక చూపు, సావిత్రికేసి ఒక చూపు వేస్తూ మనం చూస్తూనే ఉంటాం. మరి ఇంతమంది మెచ్చిన సినిమాకు ఆ రోజుల్లో ఏ పతకం వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? నవ్వించే సినిమాను పెద్దలు ఎలా తూచారు, మనం ఎలా తూచాం అన్నదే ఈవేళ మనం చెప్పుకోబోయే చరిత్ర.

కథ మీకు తెలిసిందే. ఐనా ఒక్కసారి గుర్తుచేసుకుందాం. మేరీ బి.ఏ. చదివిన పిల్ల. ఇంట్లో అప్పు. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్లి చేసుకుంటానని పట్టుబడతాడు. ఆ అప్పు తీర్చాలంటే ఉద్యోగం కావాలి. అప్పాపురం జమీందారు తన బడికి పంతులూ పంతులమ్మా కావాలనీ, వాళ్లు భార్యాభర్తలై ఉండాలనీ ప్రకటన ఇస్తాడు. మేరీ, ఎం.టి. రావు ఇద్దరూ నిరుద్యోగులే. పెళ్లి కాకపోయినా దంపతులమని చెప్పి కొలువులో చేరతారు. అక్కణ్ణుంచీ నవ్వులే నవ్వులు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే, పనిచేసే చోట పుట్టిన ప్రేమ కథ, హాస్య కథ.

ఇక ఆనాటి మన ప్రాంతం సంగతి. 1955లో మన మూడు ఊళ్లూ హైదరాబాదు రాష్ట్రంలోని నల్లగొండ జిల్లాలో ఉండేవి. కోదాడ దాటి జగ్గయ్యపేటకు వెళితే రాష్ట్రం మారినట్టే. అది ఆంధ్ర రాష్ట్రం. సినిమా తీసింది ఆ రెండూ కాని మద్రాసులో. పతకాలిచ్చేది ఢిల్లీలో. అంటే తీసేవాళ్లొకచోట, తూచేవాళ్లింకొకచోట, చూసే మనం మరొకచోట ఉన్నామన్నమాట. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నూటికి తొమ్మిదిమంది ఆడవాళ్లకైనా చదువు రాదు. అటువంటి రోజుల్లో తెర మీద ఒక ఆడపిల్ల బి.ఏ. పట్టా పట్టుకుని, పేపర్లో ఉద్యోగ ప్రకటనలు వెతుక్కుంటూ కనిపించింది. ఇది చిన్న సంగతి కాదు.

ఈ కథకు మూలం బెంగాలీ. రవీంద్రనాథ్ మైత్రా రాసిన "మన్మొయీ గర్ల్స్ స్కూల్" అనే నాటకం. మన చక్రపాణిగారు బెంగాలీ నేర్చుకుని నవలలు తెలుగు చేసినవారు, "చందమామ" పత్రిక వెనకాల నిలిచినవారు. ఆయన దాన్ని తెలుగింటి కథలా మలిచి మాటలు రాశారు. బి. నాగిరెడ్డిగారితో కలిసి విజయా సంస్థ తరఫున నిర్మించారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకులు. పింగళి నాగేంద్రరావు పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు.

మేరీ వేషానికి మొదట తీసుకున్నది భానుమతిగారిని. కొన్ని రీళ్లు తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం చేసుకుని షూటింగుకు ఆలస్యంగా వచ్చారనీ, అక్కడ చక్రపాణిగారితో మాట పట్టింపు వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆవిడ క్షమాపణ చెప్పే మనిషి కాదు, ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆ వేషం సావిత్రికి వచ్చింది. సావిత్రి వేయవలసిన చెల్లెలి వేషం జమునకు వెళ్లింది. చూశారా, ఉద్యోగం చేసే ఆడదాని కథ తీస్తున్నచోటే పూజకూ పనివేళకూ తగాదా వచ్చింది! ఇంటిపనీ బయటిపనీ రెండూ నెత్తిన పెట్టుకున్న ఏ ఆడదానికి ఇది తెలియదు చెప్పండి?

సినిమా వందరోజులు ఆడింది. తెలుగుతో పాటే తీసిన తమిళ "మిస్సియమ్మ" కూడా అదే సంక్రాంతికి వచ్చింది. అందులో రామారావుగారి స్థానంలో జెమినీ గణేశన్. 1957లో హిందీలో "మిస్ మేరీ"గా వచ్చినప్పుడు మీనాకుమారి మేరీ అయింది. ఒక్క కథకు మూడు భాషల్లో ఆదరణ దొరికింది. మరి పతకమో?

మన దేశంలో సినిమాలకు ప్రభుత్వ బహుమతులు 1954లోనే మొదలయ్యాయి, అంతకు ముందేడు వచ్చిన సినిమాలతో. వాటి ఉద్దేశమేమిటంటే కళాపరంగా, సాంకేతికంగా ఉన్నతంగా ఉండాలి, విద్యాసంబంధమైన, సంస్కృతికి సంబంధించిన విలువ ఉండాలి అని. మంచి ఉద్దేశమే, కాదనలేం. 1954 సినిమాలలో తెలుగుకు రాష్ట్రపతి రజత పతకం "పెద్దమనుషులు"కు వచ్చింది. ఊరి పెద్దల ముసుగులు తీసిన సినిమా అది. 1955 సినిమాలలో "బంగారు పాప"కు వచ్చింది. అదే ఏడు దేశం మొత్తం మీద బంగారు పతకం సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి"కి దక్కింది.

"బంగారు పాప" తక్కువ సినిమా కాదు సుమండీ. జార్జి ఇలియట్ నవల "సైలాస్ మార్నర్" ఆధారంగా తీసినది. రాయిలాంటి మనసున్న మనిషి, దిక్కులేని పసిపాపను పెంచుకుని మనిషిగా మారతాడు. ఆ వేషం ఎస్.వి. రంగారావుది. అదే ఏడు "మిస్సమ్మ"లో జమీందారుగా మనల్ని నవ్వించింది కూడా ఆయనే. ఇంకో తమాషా చూడండి. "బంగారు పాప" తీసిన బి.ఎన్. రెడ్డిగారు స్వయానా నాగిరెడ్డిగారి అన్నగారు. అన్నగారి ఇంటికి పతకం, తమ్ముడిగారి ఇంటికి చప్పట్లూ వెళ్లాయి!

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. కన్నీళ్లు పెట్టించే సినిమాలో నీతి వెంటనే పైకి కనిపిస్తుంది. నవ్వించే సినిమాలో నీతి నవ్వు చాటున ఉంటుంది. "హాయిగా ఉంది, సకుటుంబంగా చూడవచ్చు" అని నాలుగు మాటలు రాస్తే హాస్య చిత్రానికి సమీక్ష అయిపోయినట్టే. ఆడపిల్ల ఎందుకు ఉద్యోగానికి వచ్చింది, ఉద్యోగం కోసం పెళ్లయినట్టు ఎందుకు అబద్ధమాడవలసి వచ్చింది, ఒంటరి ఆడదానికి పని ఇవ్వడానికి లోకం ఎందుకు జంకుతుంది — ఇవన్నీ సినిమాలో ఉన్నాయి. కానీ రేలంగి, రమణారెడ్డిల నవ్వుల్లో అవి విద్యాసంబంధమైన విలువగా ఎవరికి కనిపిస్తాయి?

ఆ రోజుల్లో రేడియో ధోరణీ అలాగే ఉండేది. 1952 నుంచీ ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేశ్కర్ సినిమా పాటలను ఆకాశవాణిలో బాగా తగ్గించారు. శాస్త్రీయ సంగీతమే ఉత్తమమని ఆయన నమ్మకం. 1957లో వివిధ భారతి వచ్చాక గానీ సినిమా పాటకు ఆకాశవాణిలో తగిన చోటు దొరకలేదు. అంటే జనం ఇష్టపడిందంటే అది కాస్త తక్కువరకమనే అభిప్రాయం ఒక్క సినిమా బహుమతులదే కాదు, ఆ కాలానిదే.

పై దేశాల్లో ఎలా ఉందంటారా? అమెరికాలో 1960లో బిల్లీ వైల్డర్ "ది అపార్ట్‌మెంట్" అనే సినిమా తీశాడు. ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా, అదే భవనంలో లిఫ్టు నడిపే అమ్మాయి, వాళ్ల ప్రేమ. పై అధికారుల నీతిమాలినతనాన్ని నవ్విస్తూనే చూపించింది. ఇదేం కథ అని ముఖం చిట్లించిన విమర్శకులూ లేకపోలేదు. ఐనా దానికి ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్లు వచ్చాయి. ఆఫీసు హాస్యంలో కూడా బరువైన మాట ఉంటుందని అక్కడ ఒప్పుకున్నారన్నమాట. మన దగ్గర జాతీయ బహుమతుల్లో చక్కని వినోదమిచ్చే జనాదరణ చిత్రమంటూ ఒక వరుస 1970ల నడిమికి గానీ రాలేదు. తెలుగులో "శంకరాభరణం" ఆ వరుసలోనే బహుమతి అందుకుంది.

"మిస్సమ్మ"లో పనిచేసినవారికి మాత్రం గౌరవాలు తర్వాత తర్వాత వరుసకట్టాయి. ఎల్.వి. ప్రసాద్‌గారికి 1982కి, నాగిరెడ్డిగారికి 1986కి, డిటెక్టివ్ రాజు వేషం వేసిన అక్కినేని నాగేశ్వరరావుగారికి 1990కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డులు వచ్చాయి. జమునకు పాడిన పి. సుశీల, 1968 సినిమాలకు గాయనులలో మొట్టమొదటి జాతీయ అవార్డు అందుకున్నారు, ఒక తమిళ పాటకు. మరి మిస్సమ్మగా నిలిచిపోయిన సావిత్రికో? ఉత్తమ నటికి జాతీయ అవార్డు అనేది 1967 సినిమాలతో గానీ మొదలుకాలేదు. అప్పటికే సావిత్రి గొప్ప వేషాలెన్నో అయిపోయాయి. 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూసింది. ఆమె జీవితం మీద 2018లో "మహానటి" తీస్తే, దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా, సావిత్రి వేషం వేసిన కీర్తి సురేశ్‌కు ఉత్తమ నటిగా జాతీయ అవార్డులు వచ్చాయి. సావిత్రిలా నటించినందుకు వచ్చింది గానీ సావిత్రికి రాలేదు. వింటుంటే మనసు చివుక్కుమనడం లేదూ?

రాష్ట్ర బహుమతుల కథ వేరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో, నంది బహుమతులు మొదలైంది 1964లో. అప్పటికి "మిస్సమ్మ" వచ్చి తొమ్మిదేళ్లయింది. కానీ చూడండి, 2002కి బంగారు నంది "మన్మథుడు"కు వచ్చింది. ప్రకటనల కంపెనీ ఆఫీసులో, ఆడవాళ్లంటే పడని మేనేజరుకూ అక్కడ కొత్తగా చేరిన అమ్మాయికీ మధ్య కథ అది. అచ్చంగా ఆఫీసు ప్రేమ, ఆఫీసు నవ్వు. ఆ మరుసటేడు 2003కి బంగారు నంది ఏ సినిమాకు వచ్చిందో తెలుసా? పేరు "మిస్సమ్మ"! నీలకంఠ తీసిన వేరే కథ. ఇందులో కంపెనీ పెద్ద ఒక స్త్రీ. ఆ వేషం వేసిన భూమికకు ఉత్తమ నటి నంది కూడా వచ్చింది. సావిత్రి మేరీ పని అడుక్కోవడానికి వెళ్లింది. భూమిక మిస్సమ్మ పని ఇచ్చే స్థానంలో కూర్చుంది. దాదాపు యాభయ్యేళ్లలో ఆ పేరు ప్రయాణించిన దూరం ఇది.

ఇప్పుడు మన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. 2025లో గద్దర్ పేరిట ఇచ్చిన రాష్ట్ర సినిమా అవార్డుల్లో 2024కి ఉత్తమ నటి నివేదా థామస్. ఏ వేషానికనుకున్నారు? "35 చిన్న కథ కాదు"లో, కొడుకు చదువు కోసం తానూ లెక్కలు నేర్చుకున్న గృహిణి వేషానికి. వంటింట్లో ఉన్న తల్లి కష్టంలో కూడా అవార్డుకు తగిన విషయముందని గుర్తించారు. సంతోషమే గదా!

కానీ సోదరీమణులారా, పెద్దలు సరిగా తూచలేదని అనడంతో మన పని అయిపోలేదు. మనం ఎలా తూచామో కూడా చూసుకోవాలి. "మిస్సమ్మ" ముగింపు గుర్తుందా? మేరీ ఎవరో కాదు, జమీందారు దంపతులకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే. ఆ బడి పెట్టింది ఆ కూతురి పేరనే. ఒక్క దెబ్బతో అప్పు తీరింది, మతం అడ్డు తొలిగింది, పెళ్లి కుదిరింది. అందరం కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ ఇంటికి వచ్చాం. మరి ఆ ఉద్యోగం ఏమైంది? జీతానికి వచ్చిన పంతులమ్మ యజమాని కూతురైపోయాక, ఉద్యోగం గురించి మనలో ఎవరూ అడగలేదు. క్రైస్తవ ఇంట పెరిగిన పిల్ల క్రైస్తవురాలిగానే ఉండి రావును చేసుకుంటే కథ ఏమయ్యేదో కూడా అడగలేదు. నవ్వు చాటున ఉన్న ప్రశ్నను కమిటీ వారు చూడలేదని నిష్ఠూరమాడుతున్నామే, హాల్లో కూర్చున్న మనం మాత్రం చూశామా?

అందుకని ఈ సినిమాను తక్కువ చేయమనడం లేదు. 1955లో అంతమాత్రం చెప్పడమే గొప్ప. నేను కోరేదల్లా ఒక్కటే. ఈసారి "మిస్సమ్మ" వచ్చినప్పుడు పిల్లల్ని, ముఖ్యంగా చదువుకుంటున్న ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కడుపుబ్బ నవ్వండి. అయిపోయాక, "మేరీ మళ్లీ బడికి వెళ్లి పాఠం చెప్పిందంటావా?" అని ఒక్కమాట అడగండి. వాళ్లు ఏమంటారో వినండి. రజత పతకం ఇచ్చేవాళ్లు అడగని ప్రశ్న మన ఇంట్లో మనం అడిగితే, అంతకంటే మంచి సమీక్ష ఏముంటుంది?