బేడీల రాజు అన్న బిరుదు ఎవరిచ్చారు?

పోస్టు కొంచెం పెద్దది. మడికి నీళ్ళు పారేలోపు చదివేయొచ్చు.

మా చిన్నప్పుడు బడికి మ్యాజిక్ చేసే ఆయన వచ్చేవాడు. గోడకి అంటించిన కాగితంలో ఆయన పేరు ముందు "ప్రొఫెసర్" అని ఉండేది. ఏ కాలేజీలో సార్ అని మా మాస్టారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఈ మధ్య పాత మెజీషియన్ల చరిత్ర చదువుతుంటే అర్థమైంది, ఆ అలవాటు 19వ శతాబ్దం నాటి యూరప్, అమెరికాలదని. సంతలో గారడీ చేసేవాడంటే అక్కడా చిన్నచూపే. పేరు ముందు ప్రొఫెసర్ అని ఉంటే పెద్దమనుషులు భార్యాపిల్లలతో హాలుకొచ్చి టికెట్ కొంటారు. అందుకని చాలామంది ప్రొఫెసర్లయిపోయారు.

మన ఊళ్ళల్లో మారుపేరు ఊరే పెడుతుంది. పది బోర్లు వేసినా నీళ్ళు పడనాయన జీవితాంతం "బోర్ల" ఫలానా. ఆయనకి ఇష్టమా కాదా అని ఎవరూ అడగరు. స్టేజీ బిరుదు అలా రాదు. ఎక్కువసార్లు ఎవరికి వాళ్ళే పెట్టుకున్నది.

స్కాట్లాండ్ ఆయన జాన్ హెన్రీ ఆండర్సన్‌నే తీసుకోండి. 1814లో పుట్టాడు. "ఉత్తరదేశపు మహా మాంత్రికుడు" అని పోస్టర్లు వేసుకున్నాడు. ఈ పేరు నాకు మహా రచయిత వాల్టర్ స్కాట్ ఇచ్చాడని చెప్పుకునేవాడు. చిక్కేమిటంటే, జనం అప్పటికే ఆ పేరుతో పిలుస్తున్నది స్కాట్‌నే, ఆయన నవలలు చూసి. పైగా స్కాట్ 1832లో పోయాడు. అప్పటికి మనవాడికి నిండా పద్దెనిమిదేళ్ళు, పేరూ లేదు ఊరూ లేదు. నాకైతే నమ్మబుద్ధి కాదు. కానీ ప్రచారంలో మాత్రం ఘటికుడు. హోటళ్ళలో పెట్టే వెన్నముద్దల మీద కూడా తన పేరు అచ్చు గుద్దించాడు! మన వెన్న మీద ఇంకొకడి పేరు.

ఇక హౌడినీ. అసలు పేరు ఎరిక్ వైస్, 1874లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి యూదు మతగురువు, పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్ళిన కుటుంబం. ఫ్రాన్సు మెజీషియన్ రాబర్ట్ హౌడిన్ అంటే ఈ కుర్రాడికి దేవుడు. ఆ పేరుకి చివర "ఈ" చేరిస్తే ఫ్రెంచిలో "ఆయనలాంటివాడు" అని అర్థం వస్తుందని ఒక స్నేహితుడు చెప్పాడట. ఫ్రెంచిలో అలాంటిదేం లేదు, కానీ పేరు నిలిచిపోయింది. ఆ హౌడిన్ కూడా పుట్టుకతో ఉత్త రాబర్టే. భార్య పుట్టింటి పేరు తనకి తగిలించుకున్నాడు.

మొదట్లో హౌడినీ "పేకముక్కల రాజు" అని వేసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1899లో మార్టిన్ బెక్ అనే నాటకశాలల వ్యాపారి అతని ఆట చూసి, మిగతావన్నీ వదిలెయ్, బేడీలు విప్పడమే పట్టుకో అన్నాడు. అక్కడి నుంచి "బేడీల రాజు".

బిరుదు పెట్టుకోవడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. జర్మనీలో గ్రాఫ్ అనే పోలీసాయన వీడు మోసగాడని పత్రికలో రాయించాడు. హౌడినీ కోర్టుకెక్కాడు. 1902లో కొలోన్ కోర్టులో జడ్జీల ముందే గొలుసులు విప్పి చూపించి గెలిచాడు. ఆయన పైకోర్టుకి వెళ్ళినా అక్కడా హౌడినీదే గెలుపు. ఓడిపోయి ఉంటే? పేరుతో పాటు తిండీ పోయేది. 1904 మార్చిలో లండన్‌లో డైలీ మిర్రర్ పత్రికవాళ్ళు ప్రత్యేకంగా చేయించిన బేడీలు తెచ్చి విప్పమన్నారు. ఒక కమ్మరి ఐదేళ్ళు కష్టపడి చేశాడని చెప్పారు. నాలుగు వేలమంది చూస్తుండగా గంటపైన పట్టింది. మధ్యలో ఉక్కపోస్తోందని కోటు తీయబోతే చేతులకి బేడీలాయె. పళ్ళతో చాకు పట్టుకుని కోటునే కోసేశాడు.

ఇంతలో ఊరికో బేడీల రాజు తయారయ్యాడు. పోటీ ఎటూ తప్పదనుకున్నాడేమో, సొంత తమ్ముణ్ణే హార్డీన్ అన్న పేరుతో తనకి పోటీగా నిలబెట్టాడు. పోయేది ఇంట్లోకే పోతుంది కదా! చివరికి ఆ బిరుదే చవకైపోయింది. 1908లో బేడీలు పక్కనపెట్టి, నీళ్ళు నింపి తాళాలేసిన పాలక్యానులోంచి బయటికి రావడం మొదలెట్టాడు. అదే ఏడాది రాబర్ట్ హౌడిన్ గొప్పేమీ లేదంటూ ఒక పుస్తకమే అచ్చేయించాడు. ఎవరి పేరు మోసుకు తిరిగాడో ఆయన్నే. అది మాత్రం నాకు నచ్చలేదు.

అందరికన్నా ఎక్కువ ఖరీదు కట్టినవాడు విలియం రాబిన్సన్ అనే అమెరికా ఆయన. చింగ్ లింగ్ ఫూ అనే నిజమైన చైనా మెజీషియన్ తన నీళ్ళ గిన్నె ఆట చేసి చూపిస్తే వెయ్యి డాలర్లిస్తానని పందెం కాశాడు. రాబిన్సన్ చేస్తానంటే పట్టించుకోలేదు. ఆ కోపంతో 1900లో గుండు గీయించి, జడ తగిలించి, "చుంగ్ లింగ్ సూ, అద్భుత చైనా మాంత్రికుడు" అని యూరప్‌లో దిగాడు. స్టేజీ మీద ఇంగ్లీషు ముక్క మాట్లాడడు. విలేకర్లతో కూడా దుబాసీ ద్వారానే. 1905లో ఇద్దరూ లండన్‌లోనే ఆడారు. తేల్చుకుందామని సవాలు విసిరిన ఫూ చెప్పిన రోజుకి రాలేదు. అసలు పోయింది, నకలు నిలిచింది.

1918 మార్చి 23 రాత్రి, లండన్‌లోని వుడ్ గ్రీన్‌లో తుపాకీ గుండుని పట్టుకునే ఆట ఆడుతున్నాడు. తుపాకీలో లోపం వచ్చి నిజంగానే పేలి గుండు ఛాతీలో దిగింది. అప్పుడు, అన్నేళ్ళలో మొదటిసారి, జనం ముందు ఇంగ్లీషులో అరిచాడు, ఏదో జరిగింది, తెర దించండి అని. తెల్లారేసరికి పోయాడు.

మీ ఊరి బడికి వచ్చిన మ్యాజిక్ ఆయన పేరు ముందు ఏముండేదో గుర్తుంటే రాయండి. మా ప్రొఫెసర్ గారి అసలు పేరు నాకిప్పటికీ తెలియదు.