అద్దెకున్నోల సామాన్లు ఈదిలో పడీసే ముందు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో నాలుగు డబ్బులు కూడబెట్టి మేడ కట్టి, కింద పోర్షను అద్దెకిచ్చినోలు మన ఊళ్లల్లో సానామందే ఉన్నారు. మూడు నెలలు అద్దె ఆగిందంటే సాలు, "నా ఇల్లు, నా తాళం" అనీసి తలుపుకి తాళమెట్టీడం, కరెంటు పీకీడం, సామాన్లు ఈదిలో పడీడం. అద్దె బాకీ నిజమే కావొచ్చు. ఆ ఒక్క పనితో కేసు మాత్రం ఓనరు మీదకి తిరుగుతాది.

ఎలగంటే, ఇల్లు ఓనరుదే, కానీ అద్దెకిచ్చిన నాటి నుంచి స్వాధీనం అద్దెకున్నోడిది. ఈ రెండిటినీ చట్టం ఏరేరుగా సూస్తాది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 6వ సెక్షను ఉంది. కోర్టు దారి కాకుండా బలవంతంగా గెంటీస్తే, 6 నెలల్లోపు దావా ఏసి మళ్లీ అదే ఇంట్లోకి రావొచ్చు. అక్కడ "ఇల్లెవరిది" అన్న ప్రశ్నే రాదు. ఆ తీర్పు మీద అప్పీలూ లేదు.

"11 నెలల కాగితం అయిపోయింది కదా" అంటారు. రిజిస్ట్రేషను తప్పుతాదనీసి 11 నెలలు రాస్తారు, అంతేగానీ 12వ నెలలో గెంటీమని కాదు. గడువు తీరినా చట్టప్రకారమే ఖాళీ సేయించాలని 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో సుప్రీంకోర్టు సెప్పింది.

క్రిమినల్ కేసు ఏరే. అద్దెకున్న ఇంట్లోకి బెదిరించడానికి దూరితే, సొంత ఇల్లయినా అక్రమ ప్రవేశమే: భారతీయ న్యాయ సంహిత 329. సామాను పగిలితే 324, బెదిరిస్తే 351. స్టేషన్లో "సివిల్ మేటరు" అనీసి పంపీగలరు, ఆ మాటకి ధైర్యం తెచ్చుకోవద్దు.

సీతంపేట నుంచో గుమ్మలక్ష్మీపురం నుంచో సదువుకోడానికొచ్చిన గిరిజన పిల్లల్ని గది నుంచి తోసీసినోలు మరీ జాగర్త. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జి) కింద కేసు పడితే శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. నన్నడిగితే, ఆ పిల్లలకి ముందు తెలియాల్సిందే ఈ సెక్షను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాదు హాస్టళ్లు మన గుంటల్ని రోడ్డు మీద ఒగ్గీసినాయి. 29న కేంద్ర హోంశాఖ, విద్యార్థుల్నీ కూలీల్నీ ఖాళీ సెయ్యమంటే చర్య తప్పదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే సానామంది రోడ్డెక్కీసినారు.

మరి ఓనరేటి సెయ్యాలి? నెలవారీ అద్దయితే ఆస్తి బదిలీ చట్టం 106 ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు, కదలకపోతే కోర్టు. టౌను ఇంటికి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తాదేమో ముందే లాయరుని అడగండి. నోటీసు గడువు దాటాక పడిన అద్దె మాత్రం ఊరికే తీసీసుకోకండి, నోటీసు వదులుకున్నట్టేనని అవతలోలు వాదిస్తారు.